తాత మైకా పెట్టె మ్యూజియంకి ఇచ్చాను, ఇప్పుడు వెనక్కి తెచ్చుకోవచ్చా?

కాకిబంగారం_మనవడు
ఇది ఫిర్యాదో ప్రశ్నో నాకే తెలియట్లేదు, చదివి మీరే చెప్పండి. ఆరేళ్ల కింద తాత పోయాక పాత ఇల్లు ఖాళీ చేస్తుంటే అటక మీద రేకు పెట్టె దొరికింది. లోపల మా జేజి, అంటే తాత భార్య, మైకా (కాకిబంగారం) రేకులు కత్తిరించిన పెద్ద కత్తెర, తూకం రాళ్లు నాలుగు, సైజులు చూసుకోడానికి గళ్లు గీసిన చెక్క పలక, తాత చేతిరాతతో కూలి లెక్కల పుస్తకం. తాత సైదాపురం వైపు ఒక మైకా గనిలో మేస్త్రీ. జేజి అదే గని షెడ్డులో పనిచేసింది. ఇంట్లో చోటు లేదు, పాతసామాన్లకు వేయడానికి మనసొప్పలేదు. నెల్లూరులో మా పేటలోనే మేడమీద రెండు గదుల్లో చిన్న చరిత్ర మ్యూజియం ఒకటి ఉంటే అక్కడ ఇచ్చొచ్చాను. ఆ రోజు టీ ఇచ్చారు, శాలువా కప్పారు, నోటుపుస్తకంలో ఏదో రాసుకున్నారు. రసీదు నేను అడగలేదు, వాళ్లు ఇవ్వలేదు.

మొన్న శనివారం "జేజి కత్తెర చూపిస్తా రా" అని ఊరించి మరీ పాపను తీసుకెళ్లా. ఏడో తరగతి. మూడు ట్యూబులైట్లలో ఒకటి వెలగదు, ఒకటి కొట్టుకుంటోంది. అద్దాల బీరువాలో ఒక పాత రేడియోకీ ఇత్తడి దీపపు కుందికీ మధ్యన కత్తెర. దాని కింద చీటీ: "పురాతన వస్తువు". అంతే. రేడియో కిందా అదే చీటీ, కుంది కిందా అదే. గళ్ల పలక మీద ఎవరో పూలకుండీ పెట్టారు. లెక్కల పుస్తకం కనబడలేదు, అడిగితే కాపలా అబ్బాయి "లోపల మూటలో ఉండచ్చు సార్" అన్నాడు. పాప కాసేపు చూసి "నాన్నా, ఇది గొర్రెలకు కటింగ్ చేసేదా?" అంది.

కాగితం ఏమీ లేదు. వెళ్లి అడిగితే ఇస్తారా? అసలు అడగడం తప్పా?

పెన్నా_గట్టు
తెచ్చేసుకో అన్నా. ఇంకో ఆరేళ్లు పోతే ఆ చీటీ కూడా ఉండదు.

మూలాపేట_సైకిల్
ఆ కుండీలో ఉంది మొక్కా, ప్లాస్టిక్కా? మొక్కయితే రోజూ నీళ్లు పోస్తుంటారు, నీ పలక పని అయిపోయినట్టే.

కాకిబంగారం_మనవడు
ప్లాస్టిక్ పూలే. అదొక్కటే అదృష్టం.

కావలి_టీచరమ్మ
తెచ్చుకోవద్దు. తెచ్చి ఏం చేస్తారు, మళ్లీ అటకే కదా? మీ తర్వాత పాప ఇల్లు మారుతుంది, అప్పుడు పాతసామాన్లవాడు కిలో లెక్కన తీసుకుపోతాడు. మా నాన్న హార్మోనియం అట్టే పోయింది, నేను ఊళ్లో లేనప్పుడు మా తమ్ముడు ఇచ్చేశాడు, ఈ రోజుకీ వాడితో ఆ గొడవ తెగలేదు. మ్యూజియం ఎంత దరిద్రంగా ఉన్నా వస్తువు అక్కడ ఉంది, మీరు వెళ్తే కనబడింది. కనబడింది కాబట్టే కోపం వచ్చింది.

పెన్నా_గట్టు
టీచరమ్మా, కనబడితే చాలా? ఏందో తెలియకుండా కనబడి ఏం లాభం. కత్తెర గొర్రెలది అనుకుని పోయారు, అదీ మనవడి కూతురే అనుకునింది.

రికార్డు_రూం
ముప్పై ఏళ్లు పాత కాగితాల మధ్యే ఉద్యోగం చేశాను కాబట్టి చెప్తున్నా. మొదట చట్టం సంగతి. చరాస్తిని ఇష్టపూర్వకంగా చేతికి ఇచ్చేసి, అవతలివాళ్లు తీసుకుంటే దానం పూర్తయినట్టే. దానికి రిజిస్ట్రేషను అక్కర్లేదు, కాగితం అక్కర్లేదు. కాబట్టి రసీదు లేదు గనక నాదే అనుకుంటే కుదరదు. వాళ్లు మంచితనంగా తిరిగిస్తే అది వేరే. మళ్లీ ఎప్పుడైనా ఇచ్చేటప్పుడు దానమా, చూపించుకోడానికి అరువా, ఎన్నేళ్లకు, మూసేస్తే ఎవరికి తిరిగివ్వాలి, ఈ నాలుగూ ఒక తెల్లకాగితం మీద రాసి ఇద్దరూ సంతకం పెట్టుకోండి, గొడవ ఉండదు.

ఇక అసలు రోగం చీటీ కాదు, రిజిస్టరు. నోటుపుస్తకంలో "ఏదో" రాసుకున్నారన్నారు చూడండి, అక్కడే పోయింది. ఏ చిన్న మ్యూజియమైనా ఒక పెద్ద బౌండు పుస్తకం పెట్టి ప్రతి వస్తువుకీ ఒక నంబరు వేయాలి. ఏ తేదీన వచ్చింది, ఎవరిచ్చారు, ఏ ఊరిది, దేంతో చేసింది, కొలతలు, విరుగుళ్లు, ఏ బీరువాలో ఏ అరలో ఉంది. అదే నంబరు వస్తువు మీద కూడా ఉండాలి. ఇనుమైతే ముందు పలచగా వార్నిష్ పూసి, ఆరాక దాని మీద చిన్న అక్షరాల్లో రాయాలి. పుస్తకమైతే మెత్తటి పెన్సిల్‌తో లోపలి అట్ట మూల. స్టిక్కర్లు అంటించకూడదు, బాల్‌పెన్ అసలు వాడకూడదు. దీనికి పెద్ద ఖర్చేం కాదు. ఓపిక కావాలి, అది ఉండేవాళ్లకు ఓపిక తప్ప ఇంకేం ఉండదు, అందుకే ట్యూబులైట్లు వెలగవు.

మూలాపేట_సైకిల్
చివరి వాక్యం ఫ్రేము కట్టించుకోవచ్చు సార్. కింద "పురాతన వాక్యం" అని చీటీ పెడదాం.

ఒంగోలు_గిత్త
నెల్లూరోళ్లకు చీటీ బాధ, మాకు తాళం బాధ. మా ప్రకాశంలో దొనకొండ మండలం చందవరం వినుంటారు, గుండ్లకమ్మ ఒడ్డున బౌద్ధ స్తూపం, 1970లలో తవ్వారు. దొరికిన శిల్పాలు అక్కడే ఒక గదిలో పెట్టారు. దొంగలు పడ్డారు. బుద్ధుణ్ని కొలిచేవాళ్లున్న సున్నపురాతి పలక ఒకటి ఎక్కడెక్కడో తిరిగి చివరికి ఆస్ట్రేలియాలో తేలింది, అక్కడి నేషనల్ గ్యాలరీ 2005లో న్యూయార్క్ వ్యాపారి దగ్గర కొనుక్కుంది. 2016లో తిరిగిచ్చేశారు. ఎందుకిచ్చారో చూడండి, అది చందవరానిదే అని చెప్పే పాత ఫొటోలు ఉన్నాయి కాబట్టి. ఫొటో లేకపోయుంటే మనం ఎంత మొత్తుకున్నా "మీదని ఏం గ్యారంటీ" అనేవాళ్లు. కాబట్టి అన్నా, తెచ్చుకోవాలా వద్దా తర్వాత, ముందు పోయి నాలుగు వైపులా ఫొటోలు తియ్. పక్కన స్కేలు పెట్టి తియ్.

పెన్నా_గట్టు
మైకా కత్తెరని ఆస్ట్రేలియా వాళ్లు ఎత్తుకుపోతారంటావా గిత్తా?

ఒంగోలు_గిత్త
పాత ఇనుము కొనేవాడు ఆస్ట్రేలియా కంటే దగ్గర.

ఉదయగిరి_కొండ
తిరిగిరావడం గురించైతే మా బాలకృష్ణుడి సంగతి చెప్పాలి. 1514లో కృష్ణదేవరాయలు ఉదయగిరి కోటను గజపతుల నుంచి గెలుచుకుని, అక్కడి బాలకృష్ణ విగ్రహాన్ని హంపీకి తీసుకుపోయి గుడి కట్టించాడు. ఆ విగ్రహం ఇప్పుడు చెన్నై ఎగ్మోర్ మ్యూజియంలో ఉంది. ఇది అడిగి తెచ్చుకునే రకం కాదులే, నేను చెప్పేది వేరే. హంపీ గుడిలో రాయలు శాసనం వేయించాడు, ఈ దేవుణ్ని ఉదయగిరి నుంచి తెచ్చానని అందులో ఉంది. ఐదొందల ఏళ్ల కింద గెలిచినవాడే ఏ ఊరిదో రాయి మీద చెక్కించాడు, మన పేట మ్యూజియం వాళ్లకు కాగితం మీద రాయడానికి చేతులు రావట్లేదు.

మూలాపేట_సైకిల్
మా వీధిలో ఒకాయన ఇంట్లో తిక్కన గంటం ఉందంటాడు. చూపించమంటే "శుక్రవారం తీయకూడదు" అంటాడు. ఏ రోజు వెళ్లినా శుక్రవారమే.

పాత_నాణెం
@ఉదయగిరి_కొండ చెప్పింది నిజం, దానికి తిరగేసిన కథ నెల్లూరులోనే ఉంది. 1786లో నెల్లూరు దగ్గర ఒక రైతు గుట్ట వారన దున్నుతుంటే మడకకు ఇటుకల కట్టడం తగిలింది. తవ్వితే చిన్న గుడి శిథిలం, దాని కింద ముంత, ముంతలో రోమన్ బంగారు నాణేలు. ట్రాజన్, హేడ్రియన్ చక్రవర్తులవి, ఫాస్టినా రాణివి, అంటే రెండో శతాబ్దం సరుకు. రైతు పాత బంగారం లెక్కన అమ్మేశాడు, చాలావరకు కరిగిపోయాయి. నవాబుగారి తరఫువాళ్లు ముప్పై పైచిలుకు మాత్రం పట్టుకోగలిగారు. కొన్ని నిన్న టంకశాలలో కొట్టినట్టు కొత్తగా ఉన్నాయట, కొన్నిటికి చిల్లులున్నాయట, ఎవరో నగల్లాగా కట్టుకున్నవి. ఒక ఇంగ్లీషాయన ఉత్తరంలో రాశాడు కాబట్టి ఇదంతా తెలుసు. చక్రవర్తుల పేర్లు రాశాడు, నవాబు పేరు రాశాడు. రైతు పేరు లేదు, ఏ గుట్టో లేదు. రోమ్ ఎక్కడుందో అందరికీ తెలుసు, ఆ గుట్ట ఎక్కడుందో మాత్రం మనం వెతుక్కోవాలి.

దొరువు_కట్ట
మా మామకి కయ్యలో ముంత దొరికితే మూడు రోజులు నిద్రపోలేదు. టెన్షన్‌తో జ్వరం కూడా వచ్చింది. తెరిస్తే బొగ్గులు.

రికార్డు_రూం
నవ్వులాటకే అయినా చెప్తున్నా, నేలలో దొరికిన నిధి విలువ పది రూపాయలు దాటితే కలెక్టరుకు చెప్పాలని 1878 నుంచీ చట్టం ఉంది. బొగ్గులకు వర్తించదు.

శాసనాల_పిచ్చి
నాకు ఒక అనుమానం. కోప్పడకండి. కత్తెర, తూకం రాళ్లు, రేడియో... ఇవి మ్యూజియంలో పెట్టే వస్తువులేనా అసలు? రెండే గదులున్నప్పుడు శాసనాలకో విగ్రహాలకో ఇవ్వాలి గదా. బటర్‌వర్త్, వేణుగోపాల్ చెట్టి కలిసి 1905లో నెల్లూరు జిల్లా శాసనాలు మూడు సంపుటాలు అచ్చేశారు. నేను ఆ పుస్తకం పట్టుకుని సెలవుల్లో ఊళ్లు తిరుగుతుంటా. ఒక ఊళ్లో శాసనం ఉన్న రాయి మీద బట్టలు ఉతుకుతున్నారు, ఇంకో ఊళ్లో సగం రాయి గడపలో కలిసిపోయింది, చదవాలంటే ఆ ఇంటివాళ్ల చెప్పులు తీయించాలి. అట్టాంటివి పోతుంటే మనం కత్తెర గురించి ఏడవడం ఏంది.

ఒంగోలు_గిత్త
ఆ మూడు సంపుటాల్లో మా ఒంగోలు, కందుకూరు, దర్శి, కనిగిరి అన్నీ ఉన్నాయి. అప్పట్లో మమ్మల్నీ నెల్లూరు జిల్లా అనే అనేవాళ్లు. 1970 ఫిబ్రవరి 2న మాకు జిల్లా వచ్చింది గానీ శాసనాలు మాత్రం ఇంకా మీ ఖాతాలోనే.

కలిగిరి_కోడలు
@శాసనాల_పిచ్చి గారూ, నేను ఈ చర్చ చదువుకుంటూ ఊరుకుందామనుకున్నా, మీరు రాయించారు. మా అత్త దగ్గర ఒక పలక, ఒక హరికేన్ లాంతరు ఉన్నాయి. రాత్రి బడివి. మా పక్కనే దూబగుంట, 1992లో ఆడవాళ్లు సారాయి కొట్టు మూయించింది అక్కడే. అది మొదలైంది రాత్రి బడి పాఠంలోంచి. తాగుడు గురించి పాఠం చదువుతూ చదువుతూ ఇది మన కథే గదా అనుకున్నారు. తర్వాత ఊరూరా ఎగబడ్డారు, 1993 ఏప్రిల్‌లో మన జిల్లాలో సారాయి ఆపేశారు, అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా. మా అత్త ఆ రోజుల్లో ప్యాకెట్లు రోడ్డు మీద పోసి తగలబెట్టినవాళ్లలో ఒకామె. ఆమెకు సంతకం వచ్చింది ఆ పలక మీదే. ఇది శాసనం కాదా? రాయి మీద చెక్కలేదు గనక కాదంటారా?

శాసనాల_పిచ్చి
కాదని నేననలేదు. చోటు గురించి అన్నాను.

కలిగిరి_కోడలు
పలక జానెడు ఉంటుంది సార్.

శాసనాల_పిచ్చి
సరే, ఒప్పుకుంటున్నా. పలకకు చోటుంది. లాంతరు మాత్రం గాజు చిమ్నీ తీసి విడిగా కట్టి ఇవ్వండి, లేకపోతే బస్సులోనే పోతుంది.

కావలి_టీచరమ్మ
ఇంకో సంగతి. పోయినేడు నలభై మంది పిల్లలను ఇట్టాంటి చిన్న మ్యూజియం ఒకదానికి తీసుకెళ్లా, ఊరు చెప్పను. విగ్రహాల ముందు అందరూ ఫొటోలు దిగి ముందుకు పోయారు. ఒక తిరగలి దగ్గర మాత్రం ఇరవై నిమిషాలు ఆగిపోయారు, తిప్పి చూడొచ్చా టీచర్, మా అవ్వ దగ్గర ఉంది టీచర్ అని. @కాకిబంగారం_మనవడు, అసలు ఆ కత్తెరతో ఏం చేసేవాళ్లో కొంచెం రాయండి. ఇక్కడున్న సగం మందికి మైకా అంటే హోలీ రంగులో మెరిసే పొడి.

కాకిబంగారం_మనవడు
జేజి చెప్పిందీ, నేను చిన్నప్పుడు చూసిందీ కలిపి రాస్తున్నా. గనిలోంచి వచ్చే మైకా దిమ్మని పుస్తకం అనేవాళ్లు, చూడ్డానికి అట్టే ఉంటుంది, లావుపాటి డిక్షనరీ నీళ్లలో తడిసి బిగుసుకుపోతే ఎట్టుంటుందో అట్ట. మన నెల్లూరు మైకాకి కొంచెం ఆకుపచ్చ రంగు ఉంటుంది. దాని అంచులో కత్తి మొన దూర్చి కదిపితే రేకు లేస్తుంది, ఆ రేకును మళ్లీ చీలిస్తే ఇంకా పలచటి రేకు, అట్ట ఉల్లిపొర మందం దాకా వస్తుంది. తర్వాత పగుళ్లూ మచ్చలూ ఉన్న భాగం కత్తెరతో తీసేసి, మిగిలిన మంచి భాగం గళ్ల పలక మీద పెట్టి ఏ సైజో చూసి ఆ కుప్పలో వేయాలి. పెద్ద ముక్కకి ధర ఎక్కువ, అందుకని ఒక మచ్చ తప్పించబోయి అర అంగుళం ఎక్కువ కోస్తే మేస్త్రీ తిడతాడు. మేస్త్రీ అంటే మా తాతే. "పెళ్లికి ముందు తిట్టాడు, పెళ్లయ్యాక ఇంకా తిట్టాడు" అనేది జేజి. సాయంత్రం ఇంటికొచ్చి తల దులుపుకుంటే నేలంతా మెరిసేదట. కత్తెరకు బొటనవేలు దూర్చే చోట పాత చీర పేలిక చుట్టి ఉంది, వేలు కోసుకుపోకుండా. ఆ గుడ్డ ఇంకా ఉంది, మొన్న కూడా చూశా.

వాల్వు_రేడియో
ఇంతసేపూ చదివి ఆగలేక రాస్తున్నా. నలభై ఏళ్లుగా రేడియోలు బాగుచేస్తున్నా, ఇప్పుడు ఎవరూ తేవట్లేదు, అది వేరే ఏడుపు. కత్తెర పక్కన రేడియో పెట్టారని కోపంగా రాశారు గదా. అది వాల్వు రేడియో అయితే, అంటే గాజు బుడ్లతో పనిచేసే పాత రకం, ఆ వాల్వుల లోపల తీగెలు కదలకుండా పట్టుకునే బిళ్లలు మైకావే. గాజులోంచి చూస్తే కనబడతాయి, పైనొకటి కిందొకటి, గుండ్రంగా, అంచులు రంపంలాగా. కండెన్సర్లలో కూడా మైకా వాడేవాళ్లు. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో మైకాకి అంత గిరాకీ రావడానికి ఒక పెద్ద కారణం ఈ వైర్‌లెస్ సెట్లే. అంటే మీ జేజి కోసిన రేకు లాంటిదే ఆ పక్క పెట్టెలో ఉంది. ఎవరు సర్దారోగానీ తెలియకుండానే సరైన చోట పెట్టారు.

పెన్నా_గట్టు
అబ్బా. నేను తెచ్చేసుకో అన్న మాట వెనక్కి తీసుకుంటున్నా.

మూలాపేట_సైకిల్
మరి కుంది ఎందుకు పెట్టారు దాని పక్కన?

వాల్వు_రేడియో
కరెంటు పోతే.

కాకిబంగారం_మనవడు
నిన్న వెళ్లొచ్చా. చూసుకునే పెద్దాయన ఉన్నాడు, డెబ్బై ఎనిమిదేళ్లు, మోకాళ్ల నొప్పులు, ఆ మెట్లు రోజుకి ఒక్కసారే ఎక్కుతాడు. గొడవ పెట్టుకోడానికే పోయాను, ఆయన్ని చూస్తే నోరు రాలేదు. చీటీ సంగతి అడిగితే దాచకుండా చెప్పేశాడు. ఎవరో పెద్ద మనిషి చూడ్డానికి వస్తున్నాడని కబురొస్తే రాత్రికి రాత్రి డీటీపీ షాపులో "పురాతన వస్తువు" అని ముప్పై కొట్టించారట, విడివిడిగా రాయించే టైం లేదు. ఆ పెద్ద మనిషి రాలేదు. చీటీలు ఉండిపోయాయి.

తర్వాత ఆయన అన్న మాటకి నా దగ్గర జవాబు లేదు. "నువ్విచ్చినప్పుడు నీకు తెలిసింది రాసిచ్చావా నాయనా? నేను మూడుసార్లు ఫోన్ చేయించా, రాసి పంపిస్తానన్నావు" అన్నాడు. నిజమే, అప్పుడు బెంగుళూరులో ఉన్నా, ఇదిగో అదిగో అని మర్చిపోయా.

లెక్కల పుస్తకం మూటలోనే ఉంది, చెదలు పట్టలేదు. కూర్చుని తిరగేశా. మగవాళ్లవి ఒక్కొక్కరి పేరూ, దాని పక్కన కూలీ ఉంది. షెడ్డు ఆడవాళ్ల దగ్గరికి వచ్చేసరికి "ఆడకూలీలు 14" అని ఒకే లైను, మొత్తం ఒకే అంకె. మా తాత రాసిందే. ఆ పద్నాలుగులో జేజి ఒకతె.

పాత_నాణెం
రైతు పేరు రాయని ఇంగ్లీషాయన్ని తిట్టాను నేను.

కాకిబంగారం_మనవడు
పాప చూసి "తాతకి జేజి పేరు తెలియదా?" అంది. పెద్దాయన గట్టిగా నవ్వాడు.

రికార్డు_రూం
ఆ పుస్తకం అద్దాల బీరువాలో ఎండ తగిలే వైపు పెట్టనివ్వకండి, ఒక్క పేజీ తెరిచి ఏళ్ల తరబడి ఉంచనివ్వకండి, సిరా వెలిసిపోతుంది. ప్రతి పేజీ ఫోన్‌తో ఫొటో తీసి ఒక కాపీ వాళ్లకు, ఒకటి మీకు. ఆ "14" ఉన్న పేజీ పెద్దది చేసి ప్రింటు గోడకు పెట్టండి, అసలుది మూటలోనే ఉండనీ. మూట గుడ్డ మాత్రం మార్చండి, ఉతికిన తెల్ల నూలు గుడ్డ అయితే మంచిది.

కాకిబంగారం_మనవడు
చీటీ నన్నే రాయమన్నారు. ఇది చూడండి: "ఈ కత్తెర సైదాపురం ప్రాంతంలోని అభ్రక గనులలో పనిచేసిన శ్రమజీవుల త్యాగానికి ప్రతీకగా నిలుస్తూ నెల్లూరు జిల్లా ఘన పారిశ్రామిక వారసత్వాన్ని భావితరాలకు..."

కావలి_టీచరమ్మ
ఆపండి. ఇది శాలువా కప్పేటప్పుడు చదివేది. పిల్లలు రెండో మాట దాకా కూడా రారు. ఏంటిది, దేనికి వాడారు, ఎవరు వాడారు, ఎక్కడ, అంతే.

శాసనాల_పిచ్చి
అభ్రకం అనే రాయండి, అది మన మాట.

పెన్నా_గట్టు
కాకిబంగారం కూడా మన మాటే సార్. చిన్నప్పుడు దొరువు గట్టున ఏరుకుని జేబులో వేసుకున్నది కాకిబంగారం, అభ్రకం కాదు.

కాకిబంగారం_మనవడు
జేజి మాత్రం మైకా అనే అనేది.

కావలి_టీచరమ్మ
ఇట్ట రాయండి: "మైకా కత్తెర. మైకాని అభ్రకం, కాకిబంగారం అని కూడా అంటారు. సైదాపురం వైపు గని షెడ్డులో మైకా రేకులను సైజుకి కత్తిరించడానికి వాడారు. పిడికి చుట్టిన గుడ్డ ఆమె చీరది. పక్కనున్న రేడియో లోపల ఇలాంటి మైకా ముక్కలే ఉంటాయి." మొదట్లో ఆమె పేరు, ఇంటిపేరుతో సహా. పేరు ఇక్కడ చెప్పక్కర్లేదు, అక్కడ రాయండి.

కాకిబంగారం_మనవడు
పాప చేత రాయించా, స్కెచ్ పెన్ను. పేరు అన్నిటికంటే పెద్ద అక్షరాల్లో రాసింది, లైను పట్టక చివరి అక్షరం కిందికి దిగింది. మళ్లీ రాయమంటే రాయనంది.

కలిగిరి_కోడలు
అట్టే ఉండనివ్వండి. వచ్చే వారం పలక, లాంతరు తెస్తున్నా. కాగితం ముందే రాసుకున్నా, అత్తే కింద సంతకం పెట్టింది.

వాల్వు_రేడియో
రేడియో లోపల మైకా ఉందని చీటీలో రాసి, వెనక అట్ట మూసే ఉంచితే ఎవరు నమ్ముతారు? నేనొచ్చి అట్ట విప్పి, ఒక వాల్వు పైకి కనబడేట్టు పెడతా. డబ్బులేం వద్దు. ఈ ఆదివారం ఖాళీ.

కాకిబంగారం_మనవడు
రండి సార్, నేనూ ఉంటా. పెద్దాయన ఆదివారం రాడు, కాపలా అబ్బాయికీ సెలవే. తాళంచెవి కింద జెరాక్స్ షాపులో ఇచ్చిపోతాడు.

మూలాపేట_సైకిల్
ఆ జెరాక్స్ షాపు ఆదివారం తెరవరు.